మూడంగుళాల ఛాంబర్

బుధవారం పొద్దున శ్రీకాంత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా దారిలో ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ టేపుతో కొలవాలి. నోటుబుక్కులో రాసుకోవాలి. మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికి రావాలి. ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదు.

కొలవడానికి కారణం అతని కారు. పదేళ్ల కిందటి స్పోర్ట్స్ కారు, ఆటోమేటిక్ గేర్లది. హైదరాబాదులో ఎవరో వాడి విసిగిపోతే ఇతను కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టు ఉండక, స్ప్రింగులు మార్పించి కారును నేల మీదికి దించాడు. ఇప్పుడు దాని కింద నుంచి పోవాలంటే పిల్లి కూడా ఒక నిమిషం ఆలోచిస్తుంది. ఎరువుల దుకాణం నడిపే మనిషికి, వారానికి రెండుసార్లు తుంగతుర్తి దిక్కు గుంతల్లో తిరిగే మనిషికి, రోడ్డును రాసుకుంటూ పోయే కారెందుకని అడిగింది ఒక్క హిమజే. ఆమె అతని భార్య. అందుకని ఆ ప్రశ్నను అతను ప్రశ్నగా తీసుకోలేదు.

ఇప్పుడు తీసుకోక తప్పలేదు. హిమజకు మిర్యాలగూడ కాలేజీలో లెక్చరర్‌గా పోస్టింగ్ వచ్చింది. సోమవారం పదింటి లోపల జాయిన్ కావాలి.

"బస్సుకు పోత," అన్నది హిమజ.

"ఇంత కారు పెట్టుకొని బస్సా? నేను దించుత."

"సరే, దించు. కాలేజీ గేటు కాడ దించు. దారిల ఆగిందనుకో, ఆ బండి అమ్ముడే. మాటేనా?"

"మాటే."

మాట ఇచ్చాక గుర్తొచ్చింది. పది కిలోమీటర్లు పోగానే గేర్‌బాక్సు వేడెక్కి, ఎర్ర లైటు వెలిగి, కారు రోడ్డు పక్కన సత్యాగ్రహం చేస్తున్నది. ఇన్నాళ్లూ కారును సూర్యాపేటలోనే తిప్పి, తుంగతుర్తికి హిమజ స్కూటీ మీద పోతున్నాడు కాబట్టి ఆ గుట్టు బయటపడలేదు.

మెకానిక్ శ్యాంసుందర్ కారు కింద దూరి, మళ్లీ బయటికి రావడానికి కొంచెం కష్టపడి, సంగతి చెప్పాడు.

"గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే తొట్టి ఉంటది పటేలా. మేం ఛాంబర్ అంటం. నీది చిన్నది. ఆయిల్ తక్కువ పడ్తది, జల్ది కాగుతది. లోతు ఛాంబర్ ఏస్తే ఇంకో రెండు లీటర్లు పడ్తది, సల్లగ ఉంటది."

"అయితే అన్నిటికన్న లోతుది ఎయ్యి."

"ఏస్తనయ్యా. కానీ నువ్వు బండిని భూమికి ఆనిస్తివి. లోతు ఎక్కువైతే ఛాంబర్ కిందికి ఏలాడుతది. గేర్‌బాక్సును మోసేటి అడ్డం దూలం ఉన్నది సూడు, ఇనుపది. దానికన్న కిందికి దిగొద్దు. దిగితే రాయి వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా ముందుగాల తగిలేది ఛాంబరే."

కోదాడలో కార్ల సామాను అమ్మే బాలాజీ దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి పాతదానికన్నా అంగుళంన్నర లోతు. రేకుది. చూడటానికి ఇంట్లో పిండి కలిపే పళ్లెంలా ఉంటుంది. అది వేస్తే దూలానికి అర అంగుళం పైనే ఉంటుంది, ఏ రాయీ తగలదు. రెండోది మూడంగుళాల లోతు. అల్యూమినియం పోత. అడుగున దువ్వెన పళ్లలా రెక్కలు, వాటి సందుల్లో గాలి ఆడుతుంది. అది దూలం దాటి అంగుళం కిందికి దిగుతుంది. కారుకూ రోడ్డుకూ మధ్య ఇక మిగిలేది మూడున్నర అంగుళాలు. బుద్ధి ఉన్నవాడెవడైనా మొదటిది కొంటాడు. శ్రీకాంత్ రెండోదాని ఫొటోను ఫోన్లో వాల్‌పేపర్ పెట్టుకున్నాడు.

"ఏవండీ, ఫొటో చూసి ఖాయం చేసుకోడానికి ఇదేమన్నా పెళ్లిచూపులా?" అన్నాడు బాలాజీ ఫోన్లో. "మీరు పోయే దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎంతెంత ఎత్తున్నాయో కొలుచుకోండి ముందు. అన్నీ మూడంగుళాల లోపుంటే ఇదే వేసుకోండి, నేను కాదనను."

న్యాయమైన మాట. జిల్లాలో ఆ వారం జరిగిన గొడవకంతా ఆ న్యాయమైన మాటే మూలం.

కారు మెకానిక్ దగ్గర ఉంది కాబట్టి హిమజ స్కూటీ తీసుకున్నాడు. ఎండకని హెల్మెట్ తీయలేదు. విత్తనాల కంపెనీ వాళ్లు పంచిన మెరుపు పట్టీల జాకెట్ తొడిగాడు. చేతిలో టేపు, జేబులో సుద్దముక్క, చంకలో నోటుబుక్కు. మొదటి నాలుగు స్పీడ్ బ్రేకర్లు రెండున్నర, మూడు మధ్యనే తేలాయి. కొలిచిన ప్రతిదాని మీద సుద్దతో నంబరు వేశాడు. తిరుగుదారిలో మళ్లీ దాన్నే కొలవకుండా ఉండటానికి.

ఐదోది గుట్టకింది తండాలో ఉంది. దాన్ని సర్కారు వేయలేదు. మూడేళ్ల కింద అక్కడ టీ హోటల్ నడిపే రంగి మనుమరాలి కాలు మీది నుంచి మోటర్ సైకిల్ పోయింది. స్పీడ్ బ్రేకర్ వేయమని తండావాళ్లు మూడు అర్జీలు పెట్టారు. మూడూ పరిశీలనలో ఉన్నాయి. చివరికి ఇంటికింత సిమెంటు, కంకర తెచ్చి, తండావాళ్లే ఒక ఆదివారం పోసుకున్నారు. కోపంతో పోసింది కాబట్టి కొంచెం ఎత్తుగా వచ్చింది.

శ్రీకాంత్ కొలిచాడు. ఎనిమిదింబావు అంగుళాలు. రెండోసారి కొలిచాడు. సిమెంటు మనసు మార్చుకోలేదు.

దీన్ని నేరుగా ఎక్కితే ఏ ఛాంబరూ బతకదు. ఐమూలగా పోతే? ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కి దిగుతుంది, కారు నడుము తగలకుండా గట్టెక్కవచ్చు. దానికి రోడ్డు వెడల్పు మొత్తం కావాలి. అందుకని ఈ పక్క రంగి హోటల్ మెట్టు నుంచి ఆ పక్క బుచ్చయ్య చేను కంచె దాకా టేపు లాగాడు. స్పీడ్ బ్రేకర్ మీద '5 – 8¼' అని రాశాడు. కారు తిప్పాల్సిన చోటు గుర్తుండాలని హోటల్ మెట్టు వైపొక బాణం, కంచె వైపొక బాణం గీశాడు.

"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?" అని రంగి హోటల్లోంచి అడిగింది.

కారు కింద తొట్టి కోసమని చెప్పడానికి శ్రీకాంత్‌కు నామోషీ అనిపించింది. "ఏం లేదవ్వా. ఊకనే," అన్నాడు. స్కూటీ ఎక్కి వెళ్లిపోయాడు.

అతను చేసిన తప్పు అదొక్కటే. జాకెట్టూ హెల్మెట్టూ టేపూ ఉన్న మనిషి ఇంటి మెట్టు మీదికి బాణం గీసి, ఏం లేదు అంటే దాని అర్థం రోడ్డు పక్క బతికేవాళ్లకు తెలుసు. సర్కారు పని ఎప్పుడూ 'ఏం లేదు' తోనే మొదలవుతుంది.

రంగి పోయి తన చెల్లెలి కొడుకు లింగ్యాను పిలుచుకొచ్చింది. లింగ్యా పాత వార్డు మెంబరు. పదవి పోయినా పని పోలేదు.

"యాడీ, ఆ మనిషి ఏమన్నడు?" అని లింగ్యా అడిగాడు. పెద్దమ్మ అయినా ఆమెను అమ్మా అనే పిలుస్తాడు.

"ఏం లేదన్నడు."

"ఏం లేదన్నడా? అయితే పెద్దదే ఉన్నది." బాణం పక్కన గొంతుక్కూర్చొని అంకె చూశాడు. "ఎనిమిదింబావు. గింత రోడ్డు పెంచుతరన్న మాట. ఎనిమిదింబావు మీటర్లు. నీ హోటల్ పోతది, నా ఇంటి సగం పోతది."

"సగం ఇంట్ల ఎట్లుంటవురా?"

"సగం మనిషిలెక్క ఉండాలె."

రోడ్డుకు అవతల చేను బుచ్చయ్యది. అతను కూడా బాణం చూశాడు. అతనికి భయం కాక ఆశ పుట్టింది. చెట్లున్న భూమి పోతే వేరే లెక్క కడతారని ఎవరో ఎప్పుడో చెప్పారు. మధ్యాహ్నానికల్లా మిర్యాలగూడ నర్సరీ నుంచి ట్రాలీలో మామిడి మొక్కలు దిగాయి. బాణం ఎక్కడ చూపిస్తే అక్కడ, జానెడు దూరానికొకటి నాటాడు. అవి పెరిగితే ఒకదాన్నొకటి తినాల్సిందే. పెంచే ఉద్దేశం అతనికి లేదు కాబట్టి ఆ సంగతి పట్టించుకోలేదు.

"బుచ్చయ్య పటేలు మొక్కలు పెడ్తుండు. ఆయనకు లోపలి ఖబర్ తెలిసింది. రోడ్డు ఖాయం," అన్నది తండా.

"తండావాళ్లు మీటింగు పెట్టిన్రు. వాళ్లకు నోటీసు వచ్చినట్టున్నది. భూమి పోవుడు ఖాయం," అన్నాడు బుచ్చయ్య, ఇంకో ట్రాలీకి ఫోను చేస్తూ.

గురువారం లింగ్యా సూర్యాపేటలో రోడ్ల ఇంజనీరును కలిశాడు. "మా దగ్గర ఏ సర్వే లేదు," అన్నాడు ఇంజనీరు. అది నిజం. కానీ నిజం చెప్పే అలవాటు ఆ ఆఫీసుకు లేదు కనుక లింగ్యాకు ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. అతను వెళ్లాక ఇంజనీరుకు అనుమానం పట్టుకున్నది. పెద్ద రోడ్ల విభాగానికి ఫోను చేశాడు. "మాది కాదు, మీదే కావచ్చు, చూసుకోండి," అన్నారు వాళ్లు. ఎవరిదీ కాని సర్వే మీద ఇద్దరూ చెరొక ఫైలు తెరిచారు. సోమవారం ఎనిమిదింటికి తండా దగ్గర పరిశీలన అని రాసుకున్నారు. అదే ఎనిమిదింటికి రాస్తారోకో అని తండా రాసుకున్నది.

ఇవేవీ తెలియని శ్రీకాంత్ శుక్రవారం కోదాడ పోయి మూడంగుళాల ఛాంబర్ తెచ్చాడు.

"ఎనిమిదింబావు ఉన్నదని నువ్వే అంటివి కదా పటేలా! మళ్ల ఇది ఎట్ల తెస్తివి?" అని శ్యాంసుందర్ నెత్తి పట్టుకున్నాడు.

"ఐమూలగ పోత శ్యామన్నా. కొలుచుకున్న. రోడ్డు సరిపోతది."

"ఐమూలగ పోనీకి రోడ్డు నీ ఒక్కనిదా?"

"పొద్దుగాల ఆడ ఎవలుంటరన్నా?"

శ్యాంసుందర్ బిగించాడు. ఆయిల్ పోశాడు. నిజం చెప్పాలంటే గేర్‌బాక్సు చల్లబడింది. ఊరి చుట్టూ రెండు చుట్లు తిరిగినా ఎర్ర లైటు రాలేదు. శ్రీకాంత్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం పేపర్లో తండా ఫొటో వచ్చింది. 'రహస్య సర్వేపై భగ్గుమన్న తండా' అని పైన. కింద స్పీడ్ బ్రేకర్, సుద్ద అంకె, రెండు బాణాలు. హిమజ పేపరును రెండు నిమిషాలు చూసి భర్త ముందు పెట్టింది.

"ఈ ఎనిమిది ఎవలిది?"

"ఎవలిదో."

"రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎనిమిది రాసేది సూర్యాపేట జిల్లాల నువ్వొక్కనివే. మన పెళ్లి కార్డుల మీద గూడ గిట్లనే రాసినవ్."

శ్రీకాంత్ అంతా చెప్పాడు. హిమజ నవ్వలేదు, తిట్టలేదు. "రేపు అదే తొవ్వ. ఆడ నువ్వు నోరు తెరిచినవా, నేను నిన్ను ఎరుగ అంట," అన్నది.

"పోనీ బస్సుకు పోతవా?"

"మాట తప్పుతున్నవా?"

తప్పలేదు.

సోమవారం ఎనిమిదింబావుకు కారు గుట్టకింది తండా చేరేసరికి రోడ్డు మీద మూడు వందల మంది ఉన్నారు. హోటల్ పక్క షామియానా. కంచె పక్క అడ్డంగా ట్రాక్టరు. ఐమూలగా పోవడానికి శ్రీకాంత్ కొలుచుకున్న జాగా రెండు పక్కలా మాయమైంది. అటు మిర్యాలగూడ దిక్కు ఒక బస్సు ఆగి ఉంది. ఇటు, సరిగ్గా కారు వెనకే, ఇంజనీరు జీపు వచ్చి ఆగింది. హిమజ అద్దం దించింది.

"అన్నా, నాకు కాలేజీల జాయినింగ్ ఉన్నది. పదింటి లోపల పోవాలె. జర పోనిస్తవా?"

లింగ్యా కారులోకి వంగి చూశాడు. లోపల సర్టిఫికెట్ల ఫైలు కనిపించింది. "ఏయ్, టీచరమ్మకు జాగియ్యిన్రి! పిల్లల సదువు కాడ మనం అడ్డం రావొద్దు!" అని అరిచాడు. నలుగురు ట్రాక్టరును కొంచెం వెనక్కి నెట్టారు. నేరుగా ఒక్క కారు పట్టేంత దారి తేలింది. నేరుగా మాత్రమే.

మూడు వందల మంది మర్యాదగా చూస్తుంటే శ్రీకాంత్‌కు వెనక్కి తిప్పే ధైర్యం చాలలేదు. మెల్లగా ఎక్కించాడు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. తర్వాత కారు కిందినుంచి రోలు మీద పొత్రం పెట్టినట్టు ఒక చప్పుడు వచ్చింది. మూడంగుళాల ఛాంబర్ ఎనిమిదింబావు సిమెంటు మీద కూర్చున్నది. వెనక చక్రాలు గాలిలో తిరిగాయి. కారు ముందుకు పోదు, వెనక్కి రాదు.

హిమజ ఫైలు తీసుకొని దిగింది. స్పీడ్ బ్రేకర్ దాటి నడిచింది. అవతల ఆగిన బస్సు, ఇక ముందుకు పోయే దారి లేదని, మిర్యాలగూడకే తిరిగిపోతున్నది. ఎక్కింది. కిటికీలోంచి ఒక్క మాటే అన్నది.

"అమ్ముడే."

శ్రీకాంత్‌కు ఇక పోయేదేమీ లేదనిపించింది. కారు దిగి, గుంపు మధ్యలో నిలబడి, గట్టిగా చెప్పేశాడు. "సర్వే లేదు, గిర్వే లేదు! ఆ బాణాలు నేనే గీసిన. ఈ కారు కింద తొట్టి కోసం కొలిచిన. ఆ ఎనిమిదింబావు మీటర్లు గాదు, అంగుళాలు!"

నలుగురైదుగురు వంగి కారు కింద చూశారు. తొట్టి ఉంది.

"నాకు ఆ పొద్దే సెప్పకపోతివి?" అన్నది రంగి. "ఐదు దినాల సంది అన్నం సయిస్తలేదు నాకు. తొట్టి కోసమంటే నేనే టేపు పట్టకపోదునా?"

"నా మామిడి మొక్కలు?" అన్నాడు బుచ్చయ్య.

ఇంజనీరు ముఖం వెలిగింది. "విన్నారు కదా! నేను మొదటి నుంచి చెప్తున్నా. సర్వే లేదు. ఇక లేవండి. పదకొండింటికి నాకు మిర్యాలగూడలో రివ్యూ మీటింగు ఉంది."

గుంపులో సగం మంది లేచారు. లింగ్యా లేవలేదు.

"సర్వే లేదా సారూ?"

"లేదయ్యా."

"రోడ్డు పెంచుడు లేదా?"

"లేదంటున్నా కదా."

"అదే కాగితం మీద రాసియ్యి."

"లేనిదాన్ని ఎట్లా రాయనయ్యా?"

"లేనిది రాయనీకి నీకేం బాధ సారూ? ఉన్నది రాయమంటే బాధపడాలె."

ఇంజనీరు రాస్తారోకో బందోబస్తుకు వచ్చిన పోలీసుల వైపు చూశాడు. ట్రాక్టరు తీయించారు. షామియానా విప్పించారు. తండావాళ్లు ఎదురు చెప్పలేదు, వాళ్లే సాయం చేశారు. కానీ రోడ్డు నడుమ కారు కదలలేదు, దాని పక్కనుంచి జీపు పట్టదు. ట్రాక్టరు అడ్డం పెడితే కేసు. కారు ఇరుక్కుంటే యాక్సిడెంటు. యాక్సిడెంటు మీద కేసు ఎట్లా పెట్టాలో ఎస్సైకి తోచలేదు. సూర్యాపేట నుంచి క్రేన్ తెప్పించారు. కారు ఎంత కిందికి ఉన్నదంటే క్రేన్ బెల్టు దాని కింద దూరలేదు. పన్నెండు మంది పట్టి లేపితే తప్ప అది రాదని క్రేన్ డ్రైవరు తేల్చాడు.

"లేపండి మరి!" అన్నాడు ఇంజనీరు.

"నడుములు పట్టుకున్నయి సారూ," అన్నాడు లింగ్యా. తండాలో ఉన్న మగవాళ్లందరికీ అప్పుడే నడుములు పట్టుకున్నాయి. రంగి ఇంజనీరుకు టీ ఇచ్చింది. పదిన్నరకు ఇంకొకటి ఇచ్చింది. మీటింగు నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. నాలుగోదానికి అతను లేచి నిలబడి మాట్లాడాడు. ఆ తర్వాత కారు బానెట్ మీద తెల్ల కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఏదీ లేదు, సర్వే జరగలేదు.

"పిల్లలు తిరుగుతరని బోర్డు గూడ రాయి," అన్నది రంగి. "మూడు అర్జీలు ఇచ్చినం."

రాశాడు. సంతకం పెట్టాడు. ముద్ర జీపులోనే ఉంది, అది కూడా వేశాడు. లింగ్యా కాగితం చదివి, మడిచి, రంగి చేతిలో పెట్టాడు. తండా నడుములన్నీ ఒకేసారి బాగయ్యాయి. పన్నెండు మంది కారును ఎత్తి, మంచాన్ని జరిపినట్టు పక్కకు జరిపారు. శ్రీకాంత్ కింద చూశాడు. ఛాంబర్ రెక్కలు రెండు గీసుకున్నాయి. ఒక్క చుక్క ఆయిల్ కూడా కారలేదు.

సాయంత్రం హిమజ వచ్చింది. తొమ్మిది యాభైకి సంతకం పెట్టిందట.

"నీకు లేటు కాలేదు కదా," అన్నాడు శ్రీకాంత్.

"బస్సుకు పోయిన గనక కాలే. దారిల ఆగింది. అమ్ముడే అన్న. బండి కొనుక్కపోనీకి రేపు బాలాజీని రమ్మను."

రమ్మన్నాడు. మంగళవారం పొద్దున బాలాజీ కన్నా ముందు మోతె దిక్కు నుంచి ముగ్గురు మనుషులు వచ్చారు. వాకిట్లో కారు చుట్టూ తిరిగి, వంగి చూసి, తృప్తిగా తలలూపారు.

"అమ్మా, తండాల నిన్న ఇరుక్కున్నది ఇదేనా?" అని వాళ్లలో పెద్దాయన అడిగాడు.

"ఇదే. అమ్ముతున్నం," అన్నది హిమజ బ్యాగు సర్దుకుంటూ.

"అమ్మకుర్రి తల్లీ. మా ఊరి కల్వర్టు వానకు కొట్టుకపోయి రెండేండ్లాయె. ఎల్లుండి ఆ తొవ్వన పెద్ద సార్లు వస్తున్నరు. ఒక్క పూటకు కారు కావాలె."

"అయ్యా, అది సక్కగ నడువదు."

"నడిస్తే మాకెందుకమ్మా?"

హిమజ బ్యాగు కింద పెట్టింది. చాలాసేపు ఆ కారును చూసింది. పెళ్లయ్యాక దాన్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

"ఎన్ని అర్జీలు పెట్టిన్రు?" అని అడిగింది.

"ఐదు."

"తీస్కపోండి," అని చెప్పి, బాలాజీకి తనే ఫోను చేసి రావద్దన్నది. తర్వాత బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

కల్వర్టుకు కాగితం రెండు గంటల్లో వచ్చింది. అప్పటి నుంచి హిమజ ఒక పద్ధతి పెట్టింది. మూడు అర్జీలకు తక్కువ పెట్టినవాళ్లకు కారు ఇవ్వరు. శ్యాంసుందర్ నెలకోసారి ఛాంబర్ కింద గీతలు చూసి పోతున్నాడు. దామరచర్ల నుంచి కూడా పిలుపు వచ్చింది. కానీ మిర్యాలగూడ దాటి పోవాలి; కారు అంత దూరం చేరేలోపలే మధ్యలో ఏదో ఒక ఊళ్లో ఇరుక్కొని, ఆ ఊరి పని అయిపోతున్నది.